అండమాన్‌లో స్కూబా: పిల్లల్ని నీళ్లలోకి దింపే ముందు



ఈసారి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక నలుగురైదుగురు పేరెంట్స్ ఒకే ప్రశ్న అడిగారు. "సంక్రాంతి సెలవులకి అండమాన్ వెళ్తున్నాం మేడమ్. ప్యాకేజీలో స్కూబా డైవింగ్ కూడా ఉంది. మావాడితో చేయించొచ్చా?" పోయినేడాది నేను అక్కడ డైవింగ్ చేసిన ఫొటోలు క్లాసులో చూపించాను, అందుకే ఈ ప్రశ్న నా దగ్గరికి వచ్చింది. నేను డాక్టర్‌ని కాదు, డైవింగ్ నేర్పేదాన్నీ కాదు. సైన్స్ చెప్పే టీచర్‌ని. కానీ స్కూబాలో జాగ్రత్తలన్నీ మన పిల్లల సైన్స్ పుస్తకంలో ఉన్న పీడనం పాఠం నుంచే వస్తాయి. ఆ పాఠం అర్థమైతే ఏ జాగ్రత్త ఎందుకో మీకే తెలిసిపోతుంది. ఎవరో చెప్పారని పాటించడం కంటే అది మేలు.

ముందు ఊరి సంగతి రెండు ముక్కల్లో. ప్యాకేజీల్లో స్కూబా అంటే దాదాపు ఎప్పుడూ హేవ్‌లాక్ ద్వీపమే. 2018 నుంచి దాని అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. టికెట్లలో ఒకచోట పాత పేరు, ఒకచోట కొత్త పేరు కనిపిస్తే కంగారు పడకండి. హేవ్‌లాక్‌లో విమానాశ్రయం లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, ఫెర్రీ ఎక్కి రెండు గంటలు అటూ ఇటూగా ప్రయాణం చేయాలి. ఆ ద్వీపంలో ఎక్కువమంది దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు. పోర్ట్ బ్లెయిర్‌లో మాత్రం మీకు తెలుగు బాగానే వినిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కింద వెళ్లి స్థిరపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడ కూడా ఉంది, కాకపోతే రెండు రోజులకు పైనే పడుతుంది. సముద్రం నెమ్మదిగా ఉండి, నీళ్లు తేటగా కనిపించేది సుమారు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. కాబట్టి సంక్రాంతి సెలవులు సరైన సమయమే.

ఎన్నేళ్లు ఉండాలి?

ప్రపంచంలో డైవింగ్ నేర్పే పెద్ద సంస్థల్లో పాడి ఒకటి. దాని నియమాల ప్రకారం సముద్రంలో మొదటిసారి స్కూబా చేయడానికి కనీసం 10 ఏళ్లు నిండాలి. 8, 9 ఏళ్ల పిల్లలకు వేరే కార్యక్రమం ఉంది కానీ అది రెండు మీటర్ల లోతు దాటదు. మొదటిసారి దిగేవాళ్లు, పెద్దవాళ్లయినా సరే, 12 మీటర్లకు మించి వెళ్లకూడదు. హేవ్‌లాక్‌లో టూరిస్టులను చాలావరకు అంతకంటే తక్కువ లోతుకే తీసుకెళ్తారు.

వయసు నిండినంత మాత్రాన సరిపోదనేది నా అభిప్రాయం. మా ఆరో తరగతిలో పదకొండేళ్ల పిల్లలు ముప్పై మంది పైగా ఉన్నారు. చెప్పినమాట చెప్పినట్టు విని, భయం వేస్తే దాచుకోకుండా చెప్పే పిల్లలు వాళ్లలో కొందరే. నీళ్ల కింద కావాల్సినవి ఆ రెండు గుణాలే. ఈత రాకపోయినా ఫర్వాలేదని ప్యాకేజీవాళ్లు అంటారు. నిజమే, ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే ఉంటారు కాబట్టి ఈత అవసరం పడదు. కానీ నీళ్లలో తల ముంచి కళ్లు తెరవడం అలవాటు లేని పిల్లల్ని నేరుగా సముద్రంలోకి దింపడం నాకు నచ్చదు. ఈ నెలన్నరలో స్విమ్మింగ్ పూల్‌కి పదిసార్లు తీసుకెళ్లండి. కనీసం ముఖం నీళ్లలో పెట్టి నోటితో ఊపిరి వదలడం అలవాటవుతుంది.

సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు

క్లాసులో అడిగితే ప్రతి సంవత్సరం అందరూ "ఆక్సిజన్ సిలిండర్ మేడమ్" అనే చెప్తారు. వీపు మీద ఉండేది మామూలు గాలి. మనం ఇప్పుడు పీలుస్తున్న గాలినే శుభ్రం చేసి, తేమ తీసేసి, వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్లు ఒత్తి నింపుతారు. అందులో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. ఈ నైట్రోజన్ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

అంత ఒత్తిడితో ఉన్న గాలిని నేరుగా నోట్లోకి వదిలితే ఊపిరితిత్తులు తట్టుకోలేవు. మధ్యలో రెగ్యులేటర్ అనే పరికరం ఉంటుంది. మనం పీల్చినప్పుడు మాత్రమే, ఆ లోతులో నీళ్లు ఎంత ఒత్తుతున్నాయో సరిగ్గా అంతే ఒత్తిడితో గాలిని ఇస్తుంది. ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు 1943లో తయారుచేసిన పరికరం ఇందుకు మొదలు. మనలాంటి టూరిస్టులు అరగంట నేర్చుకుని సముద్రంలో దిగగలుగుతున్నారంటే వాళ్ల పుణ్యమే.

ఊపిరి బిగబట్టకూడదు. ఎందుకు?

ఈ ఒక్కటి మాత్రం నెమ్మదిగా చదవండి. వీలైతే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

నేల మీద మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని 1 అనుకుందాం. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఇంకో 1 కలుస్తుంది. అంటే 10 మీటర్ల లోతులో 2, 20 మీటర్లలో 3. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రం ప్రకారం ఒత్తిడి రెట్టింపైతే గాలి సగానికి కుంచించుకుపోతుంది, ఒత్తిడి సగమైతే గాలి రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. పైన ఊదిన బెలూన్‌ని 10 మీటర్ల కిందికి తీసుకెళ్తే సగం అవుతుంది. మళ్లీ పైకి తెస్తే మునుపటిలా అవుతుంది. బెలూన్‌కి ఏమీ కాదు.

ముత్యాల కోసం మునిగేవాళ్లు, మన చెరువుల్లో పందెం వేసి మునిగే పిల్లలు ఈ బెలూన్‌లాంటివాళ్లే. పైన పీల్చిన గాలితో మునుగుతారు, అదే గాలితో పైకొస్తారు. అందుకే వాళ్లు ఊపిరి బిగబట్టొచ్చు. స్విమ్మింగ్ కోచ్ కూడా మొదట నేర్పేది అదే.

స్కూబాలో కథ తిరగబడుతుంది. ఇక్కడ బెలూన్‌ని 10 మీటర్ల కింద ఊదుతున్నాం. మీ అబ్బాయి ఊపిరితిత్తుల్లో 3 లీటర్లు పడతాయనుకోండి. ఆ లోతులో రెగ్యులేటర్ ఇచ్చిన గాలితో అవి 3 లీటర్లకీ నిండాయి. అప్పుడు ఏ చేపనో చూసి బెదిరి, ఊపిరి బిగబట్టి పైకి లేస్తే, పైకొచ్చేసరికి ఆ గాలి 6 లీటర్లు కావాలని చూస్తుంది. ఛాతీలో అంత చోటు లేదు. ఊపిరితిత్తుల పొరలు చిరుగుతాయి, గాలి బుడగలు రక్తంలోకి వెళ్తాయి, అది ప్రాణం మీదికి తెస్తుంది. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు. నిండా పీల్చి బిగబడితే మీటరున్నర లోతు నుంచి లేచినా దెబ్బ తగలొచ్చు. పూల్‌లోనే నేర్పిస్తున్నారు కదా, ఏమవుతుందిలే అనుకోవడానికి లేదు.

అదే ఊపిరి మామూలుగా తీసుకుంటూ వదులుతూ నెమ్మదిగా పైకొస్తే ఎక్కువైన గాలి దానంతటదే నోట్లోంచి పోతుంది. ఏ ప్రమాదమూ లేదు. అందుకే ఇన్‌స్ట్రక్టర్లందరూ మొదట చెప్పే మాట ఇదే. మన పిల్లలతో ఇబ్బంది ఏమిటంటే, నీళ్లంటే ఊపిరి బిగబట్టాలని ఐదారేళ్లుగా నేర్పించాం. ఆ అలవాటును ఒక్క ఉదయంలో మార్చాలి. ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. ముక్కు మూసుకుని నోటితో మాత్రమే, తొందర లేకుండా, ఆగకుండా ఊపిరి తీసుకోవడం రోజూ ఐదు నిమిషాలు. ఆటలా చేయించండి.

చెవులు, జలుబు

మొదటి డైవ్‌లో ఎక్కువమంది వెనక్కి వచ్చేది చెవి నొప్పి వల్ల. అది రెండు మూడు మీటర్లలోనే మొదలవుతుంది. కర్ణభేరి వెనక గాలి గది ఒకటి ఉంది. బయట నీళ్లు ఒత్తుతుంటే లోపలి గాలి కుంచించుకుని కర్ణభేరి లోపలికి వంగుతుంది. ముక్కు పట్టుకుని మెల్లగా ఊదితే గొంతు దగ్గర్నుంచి సన్నని గొట్టం ద్వారా ఆ గదిలోకి గాలి వెళ్లి సర్దుకుంటుంది. విమానం దిగేటప్పుడు గుటక వేస్తే చెవులు టప్పుమని తెరుచుకుంటాయే, అదే పని. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, కిందికి వెళ్తున్నంతసేపూ అడుగడుక్కీ చేయాలి. తెరుచుకోకపోతే గట్టిగా ఊదకూడదు. కాస్త పైకి లేచి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ కాకపోతే ఆరోజుకి డైవ్ లేనట్టే.

పిల్లల్లో ఆ గొట్టం పెద్దవాళ్ల కంటే సన్నగా, అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే వాచి పూర్తిగా మూసుకుపోతుంది. జనవరిలో మన పిల్లల్లో జలుబు లేనివాళ్లెవరు? జలుబు మందు వేసి దింపేద్దాం అని కొందరు అనుకుంటారు. మందు ప్రభావం నీళ్ల కింద ఉండగా తగ్గిపోతే లోపల చిక్కుకున్న గాలి పైకొచ్చేటప్పుడు బయటికి దారి దొరక్క ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. కాబట్టి జలుబు ఉంటే వద్దు. ఆ రోజు మాస్క్, స్నార్కెల్ పెట్టుకుని ఒడ్డు దగ్గర పైపైన తేలుతూ చూడనివ్వండి. అక్కడా చేపలు కనిపిస్తాయి.

ఆ ఫారం

డైవ్‌కి ముందు ఆరోగ్య ప్రశ్నల ఫారం ఇస్తారు. ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, షుగర్ లాంటి వాటి గురించి అవును, కాదు అని రాయాలి. ఒక్కదానికి "అవును" అని రాసినా డాక్టర్ సంతకం ఉంటేనే దింపాలి. నేను వెళ్లినప్పుడు మా కౌంటర్‌లో కుర్రాడు ఫారం చేతికిచ్చి "అన్నీ నో టిక్ చేసేయండి మేడమ్, పడవకి టైమ్ అవుతోంది" అన్నాడు. నా పక్కన ఉన్న ఒక కుటుంబం అలాగే చేసింది. పది సెకన్లు కూడా పట్టలేదు.

ఆ ప్రశ్నల్లో ఆస్తమా ఎందుకుందో పైన చదివిన బెలూన్ లెక్కతో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. శ్వాసనాళాలు బిగుసుకుపోయి ఊపిరితిత్తుల్లో ఒక మూల గాలి చిక్కుకుంటే, పిల్లవాడు ఊపిరి వదులుతున్నా ఆ మూలలో గాలి మాత్రం బయటికి రాదు. పైకొచ్చేకొద్దీ అది పెరుగుతుంది. అంటే తెలియకుండానే ఊపిరి బిగబట్టినట్టు. స్కూల్ బ్యాగ్‌లో ఇన్‌హేలర్ పెట్టుకుని వచ్చే పిల్లలు మన దగ్గర తరగతికి ఒకరిద్దరైనా ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులు దయచేసి ఇక్కడే, బయల్దేరకముందే, పిల్లల డాక్టర్‌ని అడిగి రాయించుకుని వెళ్లండి. హేవ్‌లాక్‌లో ఉన్నది చిన్న ప్రభుత్వ ఆసుపత్రి. పెద్ద వైద్యం కావాలంటే మళ్లీ సముద్రం దాటి రావాలి. ఆ ఫారం కంపెనీ తన కోసం రాయించుకునే కాగితం అని చాలామంది అనుకుంటారు. అందులో ప్రతి ప్రశ్న ఎక్కడో ఎవరికో జరిగినదాన్ని చూసి రాసిందే.

పెద్దవాళ్లకూ అదే ఫారం. గర్భిణులు దిగకూడదు. నాన్నగార్లకు ఒక చిన్న మనవి: ముందురోజు రాత్రి పార్టీ చేసుకుని పొద్దున్నే డైవ్‌కి రావద్దు.

విమానం లెక్క

ఇప్పుడు నైట్రోజన్ సంగతి. సోడా సీసా మూత బిగించి ఉన్నంతసేపు లోపలి గ్యాస్ కనిపించదు, ద్రవంలో కరిగి ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి తగ్గి బుడగలు వస్తాయి. నీళ్ల కింద ఎక్కువ ఒత్తిడిలో గాలి పీల్చినప్పుడు నైట్రోజన్ అలాగే మన రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితో పాటు కొద్దికొద్దిగా పోతుంది. పూర్తిగా పోవడానికి గంటలు పడుతుంది. ఈలోగా విమానం ఎక్కితే? విమానం లోపలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నంత ఉండదు, సుమారు రెండు వేల మీటర్ల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. సోడా మూత ఇంకాస్త తీసినట్టు. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా ఇబ్బందులు రావచ్చు. టూరిస్టులు చేసే చిన్న డైవ్‌లో ఈ ప్రమాదం తక్కువే, కానీ తప్పించుకోవడానికి ఖర్చు ఏమీ లేనప్పుడు తప్పించుకోవడమే నయం.

ఒక్క డైవ్ చేస్తే విమానానికి కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలని డైవింగ్ వైద్యులు చెప్తారు. పిల్లలతో వెళ్లేవాళ్లు 24 గంటలు అనుకుంటే ఈ తలనొప్పి ఉండదు. మీ ప్యాకేజీ కాగితం తీసి చూడండి. అయిదు రోజుల ప్యాకేజీల్లో స్కూబాను నాలుగో రోజుకి తోసేవాళ్లు ఉన్నారు. మధ్యాహ్నం 3 గంటలకు నీళ్లలోంచి బయటికి వచ్చి మర్నాడు ఉదయం 8 గంటల విమానం ఎక్కితే మధ్యలో ఉన్నది 17 గంటలే. స్కూబా ముందు, సెల్యులార్ జైలు చివర అని మార్చమని అడగండి. సాధారణంగా మారుస్తారు.

బొటనవేలు ఎత్తితే "సూపర్" కాదు

నీళ్ల కింద మాటలు పనిచేయవు, చేతి సైగలే. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నాలా చూపితే "బాగానే ఉన్నాను". అరచేయి అటూ ఇటూ ఊపి చెవి చూపిస్తే "చెవి నొప్పి". మన పిల్లలు ఫోన్లలో రోజుకి వందసార్లు పంపే బొటనవేలు గుర్తుకి అక్కడ అర్థం వేరు. "పైకి వెళ్దాం, డైవ్ అయిపోయింది" అని. ఆనందంతో బొటనవేలు ఎత్తి, ఇన్‌స్ట్రక్టర్ వెంటనే పైకి తీసుకొచ్చేస్తే బిక్కమొహం వేసిన పెద్దవాళ్లను నేను చూశాను. ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఈ మూడు సైగలూ పిల్లలతో సాధన చేయండి.

ఆ సైగకి ఇంకో సంగతి ఉంది. డైవర్లలో ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణం చేతైనా బొటనవేలు ఎత్తితే మిగతావాళ్లు ప్రశ్నించకుండా డైవ్ ఆపేస్తారు. పైకొచ్చాక కూడా ఎందుకని నిలదీయరు. అది వాళ్ల మర్యాద. పడవ మీద మనం మాత్రం ఆ మర్యాద పాటించం. "ఇన్ని వేలు కట్టాం, దిగకపోతే ఎలా?" "చెల్లి దిగింది, నువ్వు మగపిల్లాడివై ఉండి భయపడతావా?" ఇలాంటి మాటలు నేను తెలుగులోనే విన్నాను. అవి విన్న పిల్లవాడు నీళ్ల కింద చెవి నొప్పి వచ్చినా చెప్పడు. ఊపిరి ఆడకపోయినా వేలు ఎత్తడు. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ పిల్లవాడు భయం లేకుండా "వద్దు" అనగలిగితేనే పనిచేస్తాయి. కాబట్టి ఇంటి దగ్గరే చెప్పి ఉంచండి: పడవ మీద వద్దన్నా సరే, నీళ్లలో వద్దన్నా సరే, డబ్బుల మాట ఎత్తం, అన్నయ్యతో పోల్చం, వీడియో తీసి చుట్టాలకు పంపం.

డైవ్ షాపులో అడగాల్సినవి కూడా రెండే. ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని తీసుకెళ్తారు? పిల్లలకైతే ఒకరికి ఒకరు అన్న చోటుకే వెళ్లండి. నడుము లోతు నీళ్లలో ముందు సాధన చేయిస్తారా? ఊపిరి తీయడం, మాస్క్‌లోకి నీళ్లొస్తే తీసేయడం అక్కడ చేయించకుండా నేరుగా లోతుకి తీసుకెళ్లేవాళ్లయితే వెనక్కి వచ్చేయండి. కళ్లజోడు పెట్టుకునే పిల్లలకు పవర్ ఉన్న మాస్కులు కొన్ని షాపుల్లో దొరుకుతాయి. పిల్లల నంబర్ రాసుకుని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే అంత ఖర్చూ పెట్టి మసక చూసి రావాలి.

ఇక కింద ఏముంటుంది? అంతా చెప్తే చూసే సరదా పోతుంది కాబట్టి ఒక్కటే. పగడం రాయి కాదు, మొక్క కాదు. వేలాది చిన్న జంతువులు పక్కపక్కనే కట్టుకున్న ఇల్లు. గుండ్రని పగడపు బండ ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది. అంటే మీ పాప ఎత్తున్న బండకి వందేళ్లు పైబడి ఉండొచ్చు. ఒక్కసారి కాలు మోపినా దానికి దెబ్బ తగలొచ్చు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారిపోయాయి, కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. చిలుక ముక్కులాంటి నోరున్న చేపలు ఆ పగడాన్ని కొరికి, అరిగించుకుని, తెల్లని ఇసుకగా విసర్జిస్తాయి. బీచ్‌లో మనం మురిసిపోయే తెల్ల ఇసుకలో కొంత భాగం అదే. ఈ ముక్క చెప్తే మా క్లాసు పది నిమిషాలు ఆగకుండా నవ్వింది.

ఒడ్డున చచ్చి పడి ఉన్న పగడపు ముక్కలు కూడా ఇంటికి తేకూడదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పగడానికి పులితో సమానమైన రక్షణ ఉంది. కొన్ని రకాల గవ్వలు, శంఖాలకూ చట్టం వర్తిస్తుంది. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయంలో బ్యాగులు స్కాన్ చేసేటప్పుడు వీటి కోసం కూడా చూస్తారు. బయల్దేరే రోజు హోటల్ గదిలోనే పిల్లల జేబులు, బూట్లు, జామెట్రీ బాక్సులు ఒకసారి వెతకండి.